గ్రాకో ఎక్స్‌టెండ్‌టుఫిట్ కార్ సీట్ రివ్యూ: రెండోసారి కూడా ఇదే ఎందుకు కొన్నామంటే

ముందే చెప్పేస్తున్నా, ఈ సీటు మేం రెండుసార్లు కొన్నాం. మొదటిది పాపకి ఇన్‌ఫాంట్ సీటు సరిపోక కొన్నది, రెండోది మా కారుని వెనక డోర్ మీద వేరే కారు గుద్దేస్తే కొన్నది. రెండోసారి షాపులో మిగతా కంపెనీలవి కూడా అన్నీ దింపించి చూశాం, చూసి చూసి మళ్ళీ దీని దగ్గరికే వచ్చాం. ఇది సీటు రివ్యూనే గానీ అసలు పాత సీటు ఎప్పుడు మార్చాలి అన్నది కూడా దీంట్లోనే రాసేస్తున్నా, ఎందుకంటే ఇక్కడ డాలస్ ఏరియాలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, "బాబుకి ఏడాది నిండింది ముందుకి తిప్పేయొచ్చా" (అంటే కారు వెనక వైపు మొహం పెట్టి కూర్చునేవాణ్ణి ముందు వైపుకి) అని ఒకరు, "30 పౌండ్ల సీటు కదా మావాడింకా 22 పౌండ్లే, ఇంకో ఏడాది లాగించొచ్చుగా" అని ఒకరు. జవాబులిచ్చేవాళ్లు కూడా పిల్లల వయసు పట్టుకునే చెప్తారు. వయసుని బట్టి తేలే విషయం కాదిది, పిల్ల ఎత్తు బరువు, సీటు మీదున్న స్టిక్కరు, ఈ రెండూ చూస్తేనే తేలుతుంది.

పాప పుట్టినప్పుడు మేం వాడింది చికో కీఫిట్ 30, ఆ చేత్తో పట్టుకుని స్ట్రోలర్ మీదకి టక్కున పెట్టేసే బకెట్ సీటు. చాలా మంచి సీటు, దాని మీద నాకేం కంప్లైంట్ లేదు. కాకపోతే పేరులో ఉన్న 30 బరువు లిమిట్, 4 నుంచి 30 పౌండ్ల దాకా అని. దానికి ఎత్తు లిమిట్ కూడా ఉంది, అదీ 30 అంగుళాలే, కానీ పేరులో కనపడే నంబరు పౌండ్లది కాబట్టి అందరి దృష్టీ బరువు మీదే ఉంటుంది. పిల్లలు 30 పౌండ్లకి రావాలంటే చాలామందికి రెండేళ్లు దాటుతుంది, 30 అంగుళాల ఎత్తుకి మాత్రం ఏడాది అటూ ఇటుగా చాలామంది వచ్చేస్తారు. అంటే బరువు ఇంకా బోలెడు మిగిలుండగానే ఎత్తులో సీటు పని అయిపోతుంది. ఇంకొక గుర్తు ఉంది, పిల్ల తల పైభాగానికీ సీటు షెల్ (గట్టి ప్లాస్టిక్ తొట్టి) పై అంచుకీ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. బరువు, ఎత్తు, ఈ అంగుళం, వీటిల్లో ఏ ఒక్కటి దాటినా ఆ సీటు ఇంక వాడకూడదు, మిగతావి బాగానే ఉన్నాయిగా అనుకోవడానికి లేదు. మా పాపకి ముందు అయిపోయింది ఆ అంగుళమే, పొడుగు మొత్తం మొండెంలోనే ఉంది దానికి, వాళ్ల నాన్న పోలిక.

కాళ్లు వెనక సీటుకి తగులుతున్నాయి అనేది మాత్రం సీటు మార్చడానికి గుర్తు కాదు, అస్సలు కాదు. మా అత్తయ్య గారు గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో కారెక్కినప్పుడల్లా "అమ్మాయ్, పిల్ల కాళ్లు చూడు ఎలా ముడుచుకుపోయాయో, తిమ్మిరెక్కుతాయి, ముందుకి తిప్పేయరాదూ" అనేవారు. ఆవిడ బాధ ఆవిడది, మనవరాలి మీద ప్రేమే కదా. నేను ఒకరోజు ఇంట్లో పాప కింద కూర్చుని ఆడుకుంటుంటే చూపించాను, "అత్తయ్యా, అది ఇంట్లో కూడా బాసింపట్టు వేసుకునే కూర్చుంటుంది చూడండి, దానికది హాయే" అని. తర్వాత మెడ సంగతి చెప్పాను. చిన్న పిల్లలకి ఒంటితో పోలిస్తే తల చాలా బరువు, మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. కారు ఎదురుగా దేనికైనా గుద్దుకున్నప్పుడు ముందుకి తిరిగి కూర్చున్న పిల్లకి ఒంటిని బెల్టులు పట్టేస్తాయి గానీ తల మాత్రం విసురుగా ముందుకి పోతుంది, ఆ లాగుడంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి కూర్చుంటే తల, మెడ, వీపు మూడూ కలిపి సీటు షెల్లే కాస్తుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు 2011లో కనీసం రెండేళ్ల దాకా వెనక్కే అన్నారు, 2018లో ఆ రెండేళ్ల లెక్క కూడా తీసేసి, సీటు ఒప్పుకునే బరువూ ఎత్తూ దాటేదాకా వెనక్కే ఉంచండి అని మార్చారు. ఆ మాట విన్నాక అత్తయ్య గారే ఇప్పుడు ఊళ్లో వాళ్ల చెల్లెలికి ఫోన్లో క్లాసు చెప్తున్నారు.

ఇక చట్టం సంగతి ఒక్క ముక్క. టెక్సస్‌లో 8 ఏళ్ల లోపు పిల్లలకి, 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప, సీటు తప్పనిసరి, అదీ కంపెనీ సూచనల ప్రకారం, అంతే, ఎన్నేళ్లు వెనక్కి ఉండాలి అనేది విడిగా చెప్పదు. కాలిఫోర్నియాలో అయితే రెండేళ్ల లోపు పిల్లలు 40 పౌండ్లో 40 అంగుళాలో దాటితే తప్ప వెనక్కే. చట్టం చెప్పేది కనీసం, డాక్టర్లు చెప్పేది అంతకన్నా చాలా ఎక్కువ, నేనైతే డాక్టర్ల మాటే చూసుకుంటాను.

అసలు సీటు గురించి. ఎక్స్‌టెండ్‌టుఫిట్ కన్వర్టిబుల్ సీటు, అంటే మొదట వెనక్కి, తర్వాత అదే సీటు ముందుకి. వెనక్కి 4 నుంచి 50 పౌండ్ల దాకా, ముందుకి 65 పౌండ్ల దాకా. చాలా కన్వర్టిబుల్ సీట్లు వెనక్కి 40 పౌండ్లకే ఆగిపోతాయి, ఈ ధరలో 50 ఇచ్చేది దొరకడం దీని పెద్ద ప్లస్. ధర అటూ ఇటుగా రెండొందల డాలర్లు, సేల్‌లో ఇంకా తగ్గుతుంది. దీనికన్నా రెట్టింపు ధర ఉన్నవి కూడా ఉన్నాయి, వాటి గుడ్డ ఇంకా మెత్తగా ఉంటుంది, ఇన్‌స్టాల్ చేయడం ఇంకా సులువు కావచ్చు, కానీ అమెరికాలో అమ్మే సీటు ఏదైనా ఒకే ఫెడరల్ ప్రమాణం, 213 నంబరుది, పాసవ్వాలి, కాబట్టి డబ్బులు తక్కువ పెట్టాం కదా పాప సేఫ్టీ తగ్గిందేమో అని ఎవరూ మనసు పాడుచేసుకోనక్కర్లేదు.

దీని పేరులో ఉన్న ఎక్స్‌టెండ్ అంటే కాళ్ల దగ్గర ఉండే ప్యానెల్. నాలుగు పొజిషన్లలో బయటికి లాగొచ్చు, మొత్తం లాగితే కాళ్లకి 5 అంగుళాలు ఎక్కువ చోటు వస్తుంది. కాళ్లు ముడుచుకోవడం ప్రమాదం కాదని పైన నేనే రాశాను, మరి ఇదెందుకంటే, పిల్ల సుఖంగా ఉంటే ఇంట్లో పెద్దవాళ్లు ముందుకి తిప్పమని పోరు పెట్టరు, పిల్ల కూడా గోల చేయదు, కాబట్టి ఎక్కువ రోజులు వెనక్కి ఉంచగలుగుతాం. నాకు ఈ సీటు నచ్చడానికి అసలు కారణం ఇదే. రెండున్నరేళ్ల పిల్ల కాళ్లు చాపుకుని వెనక అద్దంలోంచి లారీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, ప్యానెల్ లాగిన కొద్దీ సీటు మొత్తం ముందుకి జరుగుతుంది, ముందు సీట్లో కూర్చునేవాళ్ల మోకాళ్ల దగ్గర చోటు తగ్గుతుంది. మా ఎస్‌యూవీలో పర్లేదు, మా మరిది వాళ్ల చిన్న సెడాన్‌లో మాత్రం ముందు సీటు బాగా ముందుకి జరిపితేనే పడుతుంది. పిల్ల కొంచెం పెద్దదయ్యాక, మెడ బాగా నిలబడ్డాక, మాన్యువలూ పక్కనున్న లెవెల్ ఇండికేటరూ ఒప్పుకునేంతవరకు సీటుని నిటారుగా పెట్టుకోవచ్చు, అప్పుడు కాస్త చోటు కలిసొస్తుంది.

హెడ్‌రెస్ట్ పైకి లాగితే దాంతోపాటే భుజాల బెల్టులు కూడా పైకి వస్తాయి, సీటు వెనక్కి చెయ్యి పెట్టి బెల్టులు ఊడదీసి మళ్ళీ పై కంతల్లోంచి దూర్చే పని లేదు. ఇది చిన్న సౌకర్యం అనిపిస్తుంది గానీ పిల్ల పెరిగిన ప్రతిసారీ మనం నిజంగా మారుస్తామా లేదా అనేది దీని మీదే ఉంటుంది, ఊడదీసే పని ఉంటే వచ్చే వారం చూద్దాంలే అని వాయిదా పడిపోతుంది. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు బెల్టులు పిల్ల భుజాలకి సరిగ్గా ఆ ఎత్తులో గానీ కొంచెం కింద నుంచి గానీ రావాలి, ముందుకి తిప్పాక భుజాల ఎత్తులో గానీ కొంచెం పై నుంచి గానీ రావాలి. దీన్ని చాలామంది తిరగేసి పెట్టేస్తారు. వెనక్కి ఉన్నప్పుడు దీంట్లో తల లిమిట్ ఎలా చూడాలంటే, హెడ్‌రెస్ట్ సర్దే హ్యాండిల్‌కి తల ఒక అంగుళం కింద ఉండాలి, హెడ్‌రెస్ట్ మొత్తం పైకి లాగాక కూడా ఆ అంగుళం లేదంటే, లేదా 50 పౌండ్లు దాటితే, అప్పుడు ముందుకి తిప్పే టైం వచ్చినట్టు.

ఇన్‌స్టాల్ చేయడం లాచ్‌తో, అంటే కారు వెనక సీటు సందులో ఉండే కడ్డీలకి తగిలించే కొక్కేలతో, అయితే సులువు, రెండు వైపులా కొక్కేలు టక్ టక్ మని పడిపోతాయి. సీట్ బెల్ట్‌తో పెడితే బెల్టుని చివరిదాకా లాగి లాక్ మోడ్‌లోకి తెచ్చి బిగించాలి. రెండిట్లో ఏదో ఒకటే, రెండూ కలిపి పెడితే డబుల్ సేఫ్టీ అనుకోకండి, మాన్యువల్ ఒప్పుకోదు. లాచ్‌కి బరువు లిమిట్ ఉంటుంది, మాన్యువల్లో చూసుకుని అది దాటాక సీట్ బెల్ట్‌కి మారిపోవాలి. మేం పెట్టుకున్నాక దగ్గర్లో ఫైర్ స్టేషన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని సర్టిఫైడ్ టెక్నీషియన్‌తో చెక్ చేయించుకున్నాం, డబ్బులేం తీసుకోరు. ఆవిడ సీటు పైభాగం పట్టుకుని ఊపలేదు, బెల్టు దూరే చోట ఒక చెయ్యి వేసి పక్కలకీ ముందుకీ లాగి చూసింది, అక్కడ అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదట. తర్వాత పాపని కూర్చోబెట్టమని, కాలర్ బోన్ దగ్గర బెల్టుని నిలువుగా రెండు వేళ్లతో గిల్లి చూసింది, గుడ్డ మడత వేళ్లకి దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టు, వేళ్లు జారిపోతే సరిపోయినట్టు. చెస్ట్ క్లిప్ పొట్ట మీదకి కాదు, చంకల ఎత్తుకి రావాలి. ఇప్పుడు ప్రతిసారీ కారు కదిలేముందు ఆ గిల్లుడు పరీక్ష మా ఆయన చేస్తారు, పాప కూడా బొమ్మకి చేస్తుంది.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. గుడికో ఫంక్షన్‌కో వెళ్లేటప్పుడు పట్టు పావడా, దాని కింద గట్టి లైనింగ్, అంత బట్ట మీద బెల్టు బిగించినా లోపల వదులే ఉంటుంది. చలికాలం ఉబ్బు జాకెట్లు వద్దనేది కూడా ఇందుకే. మేం పావడా డబ్బాలో పెట్టుకెళ్లి గుడి పార్కింగ్‌లో మారుస్తాం. అలాగే తల వాలిపోతుందని ఆన్‌లైన్‌లో కొనే మెడ దిండ్లు, బెల్టులకి వేసే మెత్తటి తొడుగులు, సీటుతో పాటు వచ్చినవి కాకపోతే వాడొద్దు, ఎవరు ప్రేమగా గిఫ్ట్ ఇచ్చినా సరే.

ఉతకడం గురించి కూడా. కవర్ తీసి మాన్యువల్లో చెప్పినట్టు ఉతకొచ్చు. బెల్టులు మాత్రం నానబెట్టకూడదు, మెషీన్‌లో అస్సలు వేయకూడదు, తడి గుడ్డతో తుడవడమే, ఎందుకంటే సబ్బులో నానితే ఆ నేత బలం తగ్గుతుంది, బయటికి తళతళలాడుతూనే ఉంటుంది గానీ యాక్సిడెంట్‌లో పట్టాల్సిన పట్టు పట్టదు. సెకండ్ హ్యాండ్ సీటు కొనేవాళ్లు ఈ విషయం బాగా ఆలోచించాలి.

ఇంక ఆ యాక్సిడెంట్ సంగతి. సిగ్నల్ దగ్గర పక్క నుంచి వచ్చిన కారు మా వెనక డోర్‌ని గుద్దింది, పాప ఆ టైంలో డే కేర్‌లో ఉంది, మాకెవరికీ దెబ్బల్లేవు, ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకోలేదు, కారు నడుపుకుంటూనే ఇంటికొచ్చాం, సీటు చూస్తే ఒక్క గీత కూడా లేదు. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే (ఏ కంపెనీ అని రాయడం లేదు) అవతలి మనిషి "సీట్లో బేబీ లేదు కదా, సీటు బాగానే ఉంది కదా, అది క్లెయిమ్‌లోకి రాదు" అన్నాడు. ఇక్కడే చాలామంది సరేలే అని ఊరుకుంటారు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, అంటే ఇక్కడి ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ, చిన్న యాక్సిడెంట్ అయితే సీటు మార్చక్కర్లేదని చెప్తుంది, కానీ చిన్నది అనడానికి అయిదు షరతులు పెట్టింది: కారు అక్కడి నుంచి నడుపుకుని వెళ్లగలగాలి, సీటుకి దగ్గరున్న డోర్ దెబ్బతినకూడదు, కార్లో ఎవరికీ గాయాలు కాకూడదు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకూడదు, సీటు మీద కంటికి కనిపించే డ్యామేజ్ ఉండకూడదు. అయిదూ ఉండాలి. మాకు నాలుగే ఉన్నాయి, దెబ్బతిన్నది సరిగ్గా సీటు పక్క డోరే. పైగా చాలా సీట్ల మాన్యువల్స్‌లో యాక్సిడెంట్ ఎంత చిన్నదైనా మార్చాల్సిందే అని ఇంకా గట్టిగా రాసి ఉంటుంది. పిల్ల సీట్లో ఉందా లేదా అనేది ఆ అయిదింటిలో ఎక్కడా లేదు. కుదుపు మొత్తం బెల్టులూ కొక్కేలూ షెల్లే మోస్తాయి, ప్లాస్టిక్‌లో పడిన సన్నటి బీట గుడ్డ కింద కనపడదు.

నేను మాన్యువల్లో ఆ పేజీ, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అయిదు షరతులు, డోర్ ఫోటో, సీటు కొన్న రసీదు, నాలుగూ ఈమెయిల్ చేసి సూపర్‌వైజర్‌తో మాట్లాడాలన్నాను. డబ్బులు వచ్చాయి, కొత్త సీటు ధర మొత్తం. కాలిఫోర్నియాలో అయితే యాక్సిడెంట్‌లో పాడైన, లేదా ఆ టైంలో పిల్ల కూర్చుని ఉన్న సీటుకి ఇన్సూరెన్స్ డబ్బులివ్వాలని చట్టమే ఉంది, మిగతా రాష్ట్రాల్లో కూడా చాలా కంపెనీలు ఇస్తాయి గానీ అడగాలి, కాగితం చూపించి అడగాలి. రసీదు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి.

పాత సీటుని చెత్త దగ్గర అలాగే పెట్టకండి, ఎవరో ఒకరు బాగానే ఉంది కదా అని తీసుకెళ్లి వాళ్ల పిల్లని కూర్చోబెడతారు. మేం బెల్టులు కత్తిరించి, షెల్ మీద యాక్సిడెంట్ అయిన సీటు, వాడొద్దు అని మార్కర్‌తో పెద్దగా రాశాం, ఇంగ్లీషులో. టార్గెట్ వాళ్లు సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ సెప్టెంబర్ ప్రాంతంలో, ట్రేడ్-ఇన్ పెడతారు, పాతది, ఎక్స్‌పైర్ అయింది, విరిగింది, ఏదైనా తీసుకుని కొత్త సీటు మీద 20 శాతం కూపన్ ఇస్తారు, తీసుకున్నవాటిని రీసైకిల్ చేస్తారు. ఎత్తు సరిపోక మార్చేవాళ్లు తొందర లేకపోతే దానికోసం ఆగొచ్చు, యాక్సిడెంట్ అయినవాళ్లు మాత్రం ఆగకండి, ముందు సీటు కొనేయండి.

ఎక్స్‌పైరీ గురించి అడిగితే మందులకి ఉంటుంది గానీ సీటుకేంటి అంటారు. ఉంటుంది. ఇక్కడ ఎండాకాలం మూసిన కార్లో వేడి సంగతి అందరికీ తెలుసు, ఆ వేడికి, రాత్రి చల్లదనానికి, ప్లాస్టిక్కూ లోపలి నురగా ఏళ్ల తరబడి మగ్గి పెళుసెక్కుతాయి. ఈ ఎక్స్‌టెండ్‌టుఫిట్‌కి 10 ఏళ్లు, చాలా ఇన్‌ఫాంట్ సీట్లకి అంతకన్నా తక్కువ. లెక్క మొదలయ్యేది మనం కొన్న రోజు నుంచి కాదు, తయారైన తేదీ నుంచి, ఆ తేదీ సీటు కిందో పక్కనో స్టిక్కర్ మీద ఉంటుంది. అందుకే గ్రూపుల్లో ఇండియా వెళ్లిపోతున్నాం మూవింగ్ సేల్, కార్ సీట్ లైక్ న్యూ అని పెట్టినప్పుడు ముందు ఆ స్టిక్కర్ ఫోటో అడగండి, తర్వాత యాక్సిడెంట్ అయిందా అని మొహమాటం లేకుండా అడగండి. అక్కా చెల్లెళ్ల దగ్గర్నుంచి, బాగా తెలిసినవాళ్ల దగ్గర్నుంచి తీసుకోవచ్చు, వాళ్లు నిజం చెప్తారు. మొహం తెలియని మనిషి దగ్గర పిల్లకి గౌన్లు కొనుక్కోండి, బొమ్మలు కొనుక్కోండి, ఇది వద్దు. కొత్తది కొన్నా డబ్బాలో వచ్చే రిజిస్ట్రేషన్ కార్డు నింపి పంపండి, రీకాల్ వస్తే కంపెనీ వాళ్లకి మన అడ్రస్ తెలిసేది దాంతోనే.

ఇండియాకి ఇది తీసుకెళ్లాలా అని అడిగేవాళ్లకి: ఇది బరువు, దాదాపు 19 పౌండ్లు, ఎయిర్‌పోర్టులో పిల్లతో పాటు మోయాలంటే కష్టమే. విమానంలో వాడొచ్చని సీటు మీద స్టిక్కర్ అయితే ఉంది. అక్కడ కారుకి ఐసోఫిక్స్ (వెనక సీటు సందులో ఉండే అలాంటి కడ్డీలే) ఉంటే లాచ్ కొక్కేలు వాటికి పడతాయి, లేకపోతే చిక్కు, ఎందుకంటే మనం ఇక్కడ బెల్టు చివరిదాకా లాగితే లాక్ అయిపోతుంది కదా, అక్కడ చాలా కార్ల బెల్టులకి ఆ లాక్ ఉండదు, సీటు బిగుసుకోదు. మామయ్య గారి కారుకి ఐసోఫిక్స్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి వెనక సీటు సందులో చెయ్యి పెట్టి చూడమని చెప్పాం, ఉంది, తీసుకెళ్లాం. అక్కడ కూడా 2019 సవరణలో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల ఫైన్ ఉంది. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలు అనే మాట మాత్రం ఎవరన్నా వినకండి, కారు గుద్దుకున్నప్పుడు ఎంత బలమున్న చేతులైనా పిల్లని పట్టుకోలేవు.

ఎవరికి ఈ సీటు వద్దంటానంటే, రెండు మూడు కార్లలో రోజూ మార్చేవాళ్లకి, వెనక వరసలో పక్కపక్కనే మూడు సీట్లు పట్టాల్సినవాళ్లకి. దీనికి బూస్టర్ మోడ్ (పెద్ద పిల్లలకి కారు బెల్టే సరిగ్గా పడేలా ఎత్తులో కూర్చోబెట్టేది) లేదు, కావాలంటే ఇదే పేరుతో త్రీ-ఇన్-వన్ ఉంది, అయితే పిల్ల బూస్టర్‌కి వచ్చేసరికి విడిగా బూస్టర్ కొనడం పెద్ద ఖర్చేం కాదు. మిగతా అందరికీ, ముఖ్యంగా పిల్లని మూడు నాలుగేళ్ల దాకా వెనక్కే ఉంచాలనుకునేవాళ్లకి, నేను కళ్లు మూసుకుని చెప్తాను. సెడాన్ ఉన్నవాళ్లు కొనేముందు షాపులో డిస్‌ప్లే సీటు అడిగి పార్కింగ్‌లో మీ కార్లో పెట్టి చూసుకోండి, అడిగితే చాలా చోట్ల ఇస్తారు, ప్యానెల్ మొత్తం లాగి ముందు సీట్లో మీ ఇంట్లో పొడుగు మనిషిని కూర్చోబెట్టి చూడండి.